మూడో వారంలో చెప్పే కారణం

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. మాట్లాడినవారు హైదరాబాద్‌లో విదేశీయులకు చాలా ఏళ్ళు ఇంగ్లీష్ నేర్పి రిటైరైన అధ్యాపకులు.)

అందరికీ నమస్కారం. మైకు వినపడుతోందా? వెనక బెంచీల వాళ్ళు చెయ్యెత్తండి. సరే.

లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి, "మాస్టారూ, ఇంగ్లీష్ ఎలా నేర్చుకోవాలో మన పిల్లలకి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను వద్దన్నాను. ముప్పై రోజుల్లో నేర్పేస్తామనే వాళ్ళు యూట్యూబ్ నిండా ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళు నేర్పాను, ఇప్పటికీ ప్రిపొజిషన్ల దగ్గర నాకే అనుమానాలొస్తాయి. (నవ్వులు) అంచేత ఎలా నేర్చుకోవాలో చెప్పను. ఎందుకు నేర్చుకుంటారో చెబుతాను. అదీ మనవాళ్ళ సంగతి కాదు. మంగోలియా నుంచి, లావోస్ నుంచి, యెమెన్ నుంచి, రువాండా నుంచి పనిగట్టుకుని హైదరాబాద్ వచ్చి ఇంగ్లీష్ నేర్చుకున్నవాళ్ళ సంగతి.

ఈ మాట మా బావమరిది నమ్మలేదు. "ఇంగ్లీష్ కోసం లండన్ వెళ్తారుగానీ తార్నాక రావడమేంటి బావా?" అన్నాడు. మీకూ అదే అనుమానం ఉంటుంది, కాబట్టి ముందు అది తేల్చేస్తాను.

తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్ పక్కనే, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అని ఒక సంస్థ పెట్టారు. మన దేశంలోని ఇంగ్లీష్ టీచర్లకు శిక్షణ ఇవ్వడం దాని పని. 1972లో విదేశీ భాషలు కూడా కలిపి సీఫెల్ అన్నారు. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది. ఆటోవాళ్ళకి మాత్రం చాలాకాలం సీఫెల్ అంటేనే తెలిసేది. అక్కడ విదేశీయులకు ఇంగ్లీష్ కోర్సులున్నాయి. ఇంకొకటి, 1964లో మన ప్రభుత్వం ఐటెక్ అని ఒక పథకం పెట్టింది. స్నేహ దేశాల ఉద్యోగులను పిలిచి, విమానం టికెట్టు, ఫీజు, వసతి, పైఖర్చులకు డబ్బు అన్నీ మనమే ఇచ్చి ఏదో ఒక పని నేర్పి పంపిస్తాం. ఆ పనుల్లో ఇంగ్లీష్ ఒకటి. ఇవి కాక స్కాలర్‌షిప్పుల మీదా, సొంత డబ్బుతోనూ ఉస్మానియాలో, నిజాం కాలేజీలో డిగ్రీలు చదవడానికి వచ్చేవాళ్ళు వేరే. వీళ్ళందరికీ నేను ఒకచోట కాకపోతే ఒకచోట పాఠాలు చెప్పాను. ఎక్కడెక్కడో పేర్లు చెప్పను. చెబితే జీతాలు ఆలస్యమైన కథలు కూడా చెప్పాల్సొస్తుంది. (నవ్వులు)

మొదటిరోజు అందరికీ ఒక తెల్లకాగితం ఇచ్చేవాణ్ణి. "ఇంగ్లీష్ ఎందుకు నేర్చుకుంటున్నావు?" అని ప్రశ్న. జవాబు ఒకటే వచ్చేది, ముప్పై కాగితాల మీదా. "ఇంగ్లీష్ అంతర్జాతీయ భాష కాబట్టి." పెళ్ళిచూపుల్లో హాబీలేంటమ్మా అంటే "పాటలు వినటం" అన్నట్టు ఉంటుంది ఆ జవాబు. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

అసలు కారణం మూడో వారంలో బయటికొస్తుంది. అప్పటికి మెస్సులో కారం కాస్త అలవాటవుతుంది. సాయంత్రం ఇరానీ చాయ్‌కి కూర్చుంటారు. అప్పుడు ఒక్కొక్కరే చెబుతారు.

మంగోలియా నుంచి ఒకాయన వచ్చాడు, యాభై దాటినవాడు, ప్రభుత్వ ఉద్యోగి. ఆయన చదువుకునే రోజుల్లో వాళ్ళ దేశంలో పైచదువు కావాలంటే రష్యన్ రావాలి. ఆయనకు బ్రహ్మాండంగా వచ్చు. 1990లో అక్కడ పాలన మారింది. కొన్నేళ్ళకి బళ్ళలో రష్యన్ వెనక్కి తగ్గి ఇంగ్లీష్ ముందుకొచ్చింది. ఈయన ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇంగ్లీష్‌లో మెయిళ్ళు రాస్తుంటే, పై అధికారి అయ్యుండి వాళ్ళని పిలిచి చదివించుకోవాల్సి వచ్చేది. "నలభై ఏళ్ళకి మళ్ళీ నిరక్షరాస్యుణ్ణయ్యాను" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. ఆయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. మంగోలియాకి భూమ్మీద పొరుగువాళ్ళు ఇద్దరే. ఉత్తరాన రష్యా, దక్షిణాన చైనా. ఇద్దరూ పెద్దవాళ్ళే. ఈ ఇద్దరి మధ్యా ఊపిరాడాలంటే దూరంగా ఉన్న దేశాలతో స్నేహం చెయ్యాలని వాళ్ళ విదేశాంగ విధానం. దాన్ని వాళ్ళు "మూడో పొరుగు" అంటారు. అమెరికా, జపాన్, యూరప్, మన దేశం కూడా ఆ లెక్కలోకే వస్తాం. ఆ మూడో పొరుగుతో మాట్లాడాలంటే ఏ భాష? రష్యన్ పనికిరాదు, చైనీస్ పనికిరాదు. ఇద్దరు పొరుగువాళ్ళదీ కాని భాష కావాలి. ఇంగ్లీష్‌ని మనం తెల్లవాడు మన నెత్తిన పెట్టిపోయిన భాష అనుకుంటాం కదా, ఆయన లెక్కలో అది ఎవరి పెత్తనమూ లేని భాష.

లావోస్, కంబోడియా, వియత్నాం వాళ్ళది ఇంకో రకం. వీళ్ళు ముగ్గురూ ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ కింద ఉన్నవాళ్ళు. తొంభైల్లో ఒకరి తర్వాత ఒకరు ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో చేరారు. వియత్నాం 1995లో, లావోస్ 1997లో, కంబోడియా 1999లో. ఆసియాన్‌కి 2007లో ఒక చార్టర్ రాసుకున్నారు. దాంట్లో 34వ అధికరణం ఒకటే వాక్యం. కార్యకలాపాల భాష ఇంగ్లీష్, అంతే. యూరోపియన్ యూనియన్‌లో 24 అధికార భాషలున్నాయి, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటే అనువాదకులు చూసుకుంటారు. ఆసియాన్‌కి అంత ఓపికా లేదు, అంత డబ్బూ లేదు. కాబట్టి లావోస్ నుంచి చేపల పెంపకం శాఖ ఆఫీసరు ఏ జకార్తాకో మీటింగుకి వెళ్ళాడనుకోండి, చేపల గురించి ఇంగ్లీష్‌లోనే చెప్పుకోవాలి. ఇలాంటి ఆఫీసరు ఒకావిడ మా క్లాసులో ఉండేది. చేపల గురించి ఆమెకి తెలియనిది లేదు. "మీటింగులో నా పక్కన కూర్చున్నాయనకి నా సగం కూడా తెలియదు సార్, కానీ ఆయనే మాట్లాడతాడు, నేను తలూపుతాను" అంది. లావో భాష, థాయ్ భాష దగ్గర దగ్గరగా ఉంటాయి. టీ విరామంలో థాయ్‌లాండ్ వాళ్ళతో ఆమె హాయిగా నవ్వుతూ మాట్లాడుతుంది. మళ్ళీ హాల్లోకి వెళ్ళి మైకు ముందు కూర్చోగానే ఇద్దరూ ఇంగ్లీష్‌లో తడబడతారు.

ఇక్కడ మీరొకటి గమనించాలి. ఆమె ఇంగ్లీష్ నేర్చుకుంటున్నది ఇంగ్లీషువాళ్ళతో మాట్లాడటానికి కాదు. ఆమె జీవితంలో ఇంగ్లీషువాడితో మాట్లాడే సందర్భం వస్తుందో రాదో. ఇండోనేషియావాడితో, ఫిలిప్పీన్స్ ఆవిడతో మాట్లాడటానికి. నేను నేర్పినవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. అవతలివాడిది కూడా ఇంగ్లీష్ కాదు. అద్దె ఇంట్లో ఇద్దరూ అతిథులే, ఇంటి ఓనరు ఊళ్ళో లేడు. (నవ్వులు) ఈ సంగతి అర్థమయ్యాక నేను పాఠం చెప్పే పద్ధతే మార్చుకున్నాను. అంతకుముందు లండన్ రేడియో వార్తల క్యాసెట్లు వినిపించేవాణ్ణి. తర్వాత వాళ్ళనే ఒకరికొకరు చెప్పుకోమనేవాణ్ణి. ఉజ్బెక్ కుర్రాడు చెప్పింది సూడాన్ అమ్మాయికి అర్థమైతే చాలు, పాసయినట్టే.

ఉచ్చారణ సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను, ఇది నాకిష్టమైన విషయం. జపాన్ వాళ్ళు మనకి చుట్టాలే. మనం బస్సు అంటాం, వాళ్ళు బసు అంటారు. మనం హోటలు అంటాం, వాళ్ళు హోతెరు అంటారు. మాట చివర అచ్చు లేకపోతే వాళ్ళకీ తోచదు, మనకీ తోచదు. కొరియావాళ్ళకి 'ఫ' పలకదు, కాఫీని కాపీలాగా అంటారు. మా నాయనమ్మా అలాగే అనేది, ఆవిడ సియోల్ ఏమీ వెళ్ళలేదు. (నవ్వులు) అరబ్బులకి 'ప' లేదు, పార్కింగ్ కాస్తా బార్కింగ్ అవుతుంది. వియత్నాం వాళ్ళు మాట చివరి హల్లు మింగేస్తారు. లైక్, లైట్, లైఫ్ మూడూ ఒకేలా వినిపిస్తాయి. ఇంగ్లీష్ పుట్టుకతో వచ్చినవాడికి ఇవన్నీ తప్పులుగా వినిపిస్తాయి. నాకేమో, ఆ నాలుక ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది, ఎందుకంటే నా నాలుకా అలా ఎక్కడో ఆగిపోయిందే. లండన్ ఖర్చులో చిన్న వంతుకి వస్తుందన్నది ఎలాగూ ఉంది, వీసా సులువన్నదీ ఉంది. కానీ హైదరాబాద్ ఎందుకంటే నేనిచ్చే జవాబు ఇది. కొంతమంది మాత్రం మొహం మీదే చెప్పారు, "మీ యాస మాకొద్దు, బ్రిటిష్ యాస కావాలి" అని. వాళ్ళ ఆశ వాళ్ళది. నేను బాధపడలేదంటే అబద్ధమవుతుంది.

అన్ని దేశాల్లోనూ విద్యార్థి ఎంచుకునే నేర్చుకుంటాడనుకోకండి. దక్షిణ కొరియాలో ఏటా నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. అందులో ఇంగ్లీష్ విని జవాబు రాసే భాగం జరిగే అరగంట పైచిలుకు దేశమంతా విమానాలు ఎగరవు, దిగవు. పిల్లలకి సరిగ్గా వినపడాలని. అలాంటి చోట "ఎందుకు నేర్చుకుంటున్నావు?" అని అడిగితే ఏం చెబుతాడు? ఆ టెన్షన్ మన ఎంసెట్ ఇళ్ళకి తెలుసు. అల్జీరియాలో 2022 నుంచి ప్రాథమిక బడిలో మూడో ఏడాది నుంచే ఇంగ్లీష్ పెట్టారు. అక్కడ పాత దొరల భాష ఫ్రెంచ్. దాన్ని పక్కకు నెట్టడానికి ఇంకో దొరల భాషను తెచ్చుకున్నారు.

రువాండా సంగతి దగ్గర కాస్త ఆగుతాను. అక్కడ దాదాపు అందరి మాతృభాషా ఒకటే, కిన్యార్వాండా. బెల్జియం వాళ్ళు పాలించారు కాబట్టి చదువు ఫ్రెంచ్‌లో ఉండేది. 1994 మారణకాండ తర్వాత అధికారంలోకి వచ్చిన నాయకుల్లో చాలామంది పక్కనున్న ఉగాండాలో శరణార్థులుగా పెరిగినవాళ్ళు, ఇంగ్లీష్‌లో చదివినవాళ్ళు. ఫ్రాన్స్‌తో సంబంధాలు చెడ్డాయి. 2007లో తూర్పు ఆఫ్రికా కూటమిలో చేరారు, అక్కడ కెన్యా, ఉగాండా, టాంజానియాలతో వ్యవహారమంతా ఇంగ్లీష్‌లో. 2008లో ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది, బళ్ళలో ఇక ఇంగ్లీష్ మీడియం అని. 2009లో కామన్వెల్త్‌లో కూడా చేరారు, బ్రిటిష్ పాలనలో ఎప్పుడూ లేని దేశం అయ్యుండి.

పేపర్లో చదివితే ఇది రెండు లైన్ల వార్త. మా క్లాసులో మాత్రం అది ఒక మనిషి. పదిహేనేళ్ళుగా ఫ్రెంచ్‌లో లెక్కలు చెప్పిన మాస్టారు. సెలవులకి ముందు ఫ్రెంచ్‌లో చెప్పాడు, సెలవుల తర్వాత ఇంగ్లీష్‌లో చెప్పమన్నారు. లెక్క మారలేదు, జవాబు మారలేదు, నోరు మారాలి. మొదటి నెలలన్నీ బోర్డు మీద అంకెలు వేసి, "చూడండి" అని చెయ్యి చూపించేవాడట. పిల్లలకీ ఇంగ్లీష్ రాదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదట. (నవ్వులు) ఆయనే నవ్వుతూ చెప్పాడుగానీ, ఆ నవ్వు చూస్తే నాకు మన ఊళ్ళు గుర్తొచ్చాయి. తెలుగు మీడియంలో ఇరవయ్యేళ్ళు చెప్పిన టీచరుకి మీడియం మారిందని ఒక జీవో వస్తే ఆవిడ పరిస్థితి ఏమిటో ఈ సభలోనే కొంతమందికి అనుభవం. ఇంగ్లీష్ మీడియం మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి నేను వెళ్ళను. చదువు మారుస్తున్నామని చెప్పేవాళ్ళు టీచరుకి ఎన్ని నెలల గడువిచ్చారో ముందు అడుగుతాను.

ఐవరీ కోస్ట్ కుర్రాడిది చిన్న కోరిక, చెప్పి ముందుకెళ్తాను. వాళ్ళ దేశంలో అంతా ఫ్రెంచే. వాళ్ళ పెద్ద నగరం అబిజాన్‌లో ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు ప్రధాన కార్యాలయం ఉంది. ఆ బ్యాంకు ఫ్రెంచ్, ఇంగ్లీష్ రెండిట్లో పనిచేస్తుంది. వాళ్ళింటి నుంచి ఆ కార్యాలయానికి బస్సులో అరగంటట. ఆ అరగంట దూరం దాటడానికి ఇంతదూరం వచ్చాడు.

ఇప్పుడు చెప్పబోయేది వింటే నవ్వు రాదు. మధ్య ఆసియా నుంచి వచ్చిన ఒకాయన, విమానాశ్రయంలో పనిచేసేవాడు, ఒకరోజు నన్నడిగాడు, "చర్ఖీ దాద్రీ ఇక్కడికి ఎంత దూరం?" అని. హర్యానాలో ఒక ఊరు అది. మనలో ఎంతమందికి గుర్తుందో. 1996 నవంబర్ 12 సాయంత్రం ఢిల్లీ నుంచి బయల్దేరిన సౌదీ విమానమూ, ఢిల్లీలో దిగబోతున్న కజకిస్తాన్ విమానమూ ఆ ఊరి మీద ఆకాశంలో ఢీకొన్నాయి. 349 మంది, రెండు విమానాల్లో ఒక్కరు కూడా మిగల్లేదు. కజక్ విమానాన్ని 15 వేల అడుగుల దగ్గర ఆగమన్నారు. అది ఇంకా కిందికి దిగింది. ఆ విమానంలో కంట్రోల్ టవర్‌తో ఇంగ్లీష్‌లో మాట్లాడటానికి వేరే రేడియో ఆపరేటర్ ఉండేవాడు, పైలట్లు అతని మీద ఆధారపడేవాళ్ళు. విచారణలో తేలిన కారణాల్లో ఇంగ్లీష్ సరిగా రాకపోవటం కూడా ఉంది. ఇలాంటి ప్రమాదాలు కొన్ని జరిగాక, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం పెట్టింది. విదేశాలకు విమానం నడిపేవాళ్ళకీ, వాళ్ళతో మాట్లాడే కంట్రోలర్లకీ ఇంగ్లీష్ పరీక్ష ఉంటుంది. ఆరు మెట్లలో కనీసం నాలుగో మెట్టు రావాలి. 2008 మార్చి నుంచి అమల్లోకొచ్చింది. నాలుగో మెట్టులో ఉన్నవాడు మూడేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష రాయాలి.

ఆయన నాలుగో మెట్టు కోసమే వచ్చాడు. పాఠాల్లో కథలొద్దు, కవిత్వమొద్దు. అంకెలు పలికించమనేవాడు. ఎత్తు, వేగం, దిశ. తప్పు పలికితే మళ్ళీ, మళ్ళీ. మా దగ్గర అంత శ్రద్ధగా చదివినవాణ్ణి ఇంకొకర్ని చూళ్ళేదు. చర్ఖీ దాద్రీ దూరమెంతో చెప్పాను. సెలవుల్లో వెళ్ళాడో లేదో నేను అడగలేదు.

యెమెన్, సూడాన్ కుర్రాళ్ళ దగ్గర మళ్ళీ తేలిగ్గా ఊపిరి పీల్చుకోవచ్చు, కనీసం వాళ్ళు చెప్పే పద్ధతిలో. టోలీచౌకీ వైపు వెళితే వాళ్ళు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. వీళ్ళకి ఇంగ్లీష్ నేర్చుకోవటం ఒకటే లక్ష్యం కాదు, డిగ్రీ కావాలి, ఆ డిగ్రీ ఇంగ్లీష్‌లో ఉంది. దానికోసం వచ్చి చివరికి నేర్చుకునేదేమిటంటే హైదరాబాదీ ఉర్దూ. ఆటో బేరం ఇంగ్లీష్‌లో కుదరదు కదా. (నవ్వులు) యెమెన్ వాళ్ళకి ఇంకో సుఖం ఉంది, బార్కస్. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులుండే పేట అది. బ్యారక్స్ అన్న ఇంగ్లీష్ మాటే నోట్లో పడి బార్కస్ అయిందంటారు. ఒక యెమెన్ కుర్రాడు మొదటివారం దిగులుతో అన్నం మానేస్తే, సీనియర్లు బార్కస్ తీసుకెళ్ళి మండీ తినిపించారు. అక్కడో ముసలాయనతో అరబ్బీలో రెండు గంటలు మాట్లాడొచ్చాడు. తర్వాత వాళ్ళ దేశంలో యుద్ధం ముదిరింది. అప్పుడు వాడి కారణం మారిపోయింది. మొదట్లో ఊరికి తిరిగెళ్ళి ఇంగ్లీష్ లెక్చరర్ అవుతానన్నాడు. తర్వాత, "ఏ దేశం రానిస్తే ఆ దేశంలో బతకడానికి సార్" అన్నాడు. అదే క్లాసు, అదే పుస్తకం.

సమయం అయిపోతోందని లైబ్రేరియన్ గారు గడియారం చూపిస్తున్నారు. ఒక్కటి చెప్పి దిగిపోతాను.

నేను రిటైరయ్యే ముందు ఆఖరి బ్యాచిలో కిర్గిజిస్తాన్ నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు. మెడికల్ యూనివర్సిటీలో ఫిజియాలజీ చెబుతారు. చదువంతా రష్యన్‌లో చదివిన మనిషి. ఆయన మాత్రం మొదటిరోజు కాగితం మీదే నిజం రాశారు. "నా విద్యార్థులకు రష్యన్ రాదు" అని. ఎవరా విద్యార్థులు అని అడిగితే, "మీవాళ్ళే" అన్నారు. ఎంబీబీఎస్ కోసం మన పిల్లలు బిష్కెక్, ఓష్ వెళ్తున్నారు కదా, ఈ సభలో కూడా ఆ తల్లిదండ్రులు ఉండే ఉంటారు. ఇంగ్లీష్ మీడియం అని చెప్పి చేర్చుకుంటారు. చెప్పేవాళ్ళకి ఇంగ్లీష్ రావాలి కదా మరి. అంటే ఇక్కడి ఇంటర్ పిల్లవాడి కోసం ఒక కిర్గిజ్ ప్రొఫెసరు హైదరాబాద్ వచ్చి ఇంగ్లీష్ నేర్చుకుంటున్నాడు. ఈ సంగతి మా బావమరిదికి చెబితే ఈసారి నోరు తెరిచాడుగానీ మాట రాలేదు.

మూడో వారంలో చాయ్ దగ్గర ఆయన నన్నో ప్రశ్న అడిగారు. "నేను పాఠం చెప్పి, అర్థమైందా అని అడుగుతాను. అందరూ యెస్ సర్ అంటారు. వెంటనే పక్కవాడివైపు తిరిగి ఒక మాట అంటారు. ప్రతిరోజూ అదే మాట. మెడికల్ డిక్షనరీలో లేదు. మీకు తెలుసా?" అని జాగ్రత్తగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పలికారు.

"ఏ... మన్... నా... డ్రా?"

(పెద్దగా నవ్వులు)

ఏం చెయ్యను, అర్థం చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. చాయ్ పూర్తిచేసి కప్పు కింద పెట్టి, "అయితే నేను ఇంకో రెండు నెలలు ఉంటాను" అన్నారు.

నమస్కారం.